రేడియోకు దండ

గుడియాత్తం కల్యాణ మండపంలో కార్తి గిటారు సరిచేసుకుంటున్నాడు.

మెడకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు వేదికెక్కి, రేడియో ముందున్న దీపం ఆర్పేశాడు.

జనం గొల్లున నవ్వారు. కార్తికి ఒళ్లు మండింది.

ఆ దీపం ముందు పాడబోయేది కార్తీ, అతని జట్టూ, అంటే తొరపాడి మేస్త్రీల పిల్లలు, కట్టిన రాక్ పాట. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక కూడా జనం క్యాసెట్టు అరిగేదాకా విన్నారంటే, బలరామయ్య మీద పాట కాబట్టే. ఆయన ఆదివారం మధ్యాహ్నం రేడియోలో తెలుగు పాటలు వేసేవాడు. ముందుగా "అందరూ అన్నం తిన్నారా?" అని అడిగేవాడు. తమిళ ఊళ్లలో ఉంటూ తెలుగు చదవడం రాని ఇళ్లకు తెలుగంటే ఆ గొంతే.

ఉన్నట్టుండి ఆ గొంతు ఆగిపోయింది. పోయాడన్నారు ఎవరో. మనవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? నిజమా అని ఒక్కరూ అడగలేదు. ఆయన ముఖం ఎవరికీ తెలియదు గనుక, ఫోటోకు బదులు రేడియోకే దండ వేసి, దీపం పెట్టి పాడేవారు.

"ఏంది తాతా, పోయినోళ్ల దీపం ఆర్పుతావా?" అన్నాడు కార్తి.

ముసలాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. దండ వైపు చూపించి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"మద్రాసు క్యాసెట్ల కంపెనీ సారు వచ్చి కూచోనుండాడు. ఆయనకు నచ్చితేనే మన పాట అన్ని ఊర్లకూ పొయ్యేది. ఈయన్ని లోపలికి తోసెయ్ రా ధనా," అన్నాడు కార్తి.

డ్రమ్ములు వాయించే ధనశేఖర్ ముసలాయన్ని సామాన్ల గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టాడు. దీపం మళ్లీ వెలిగించారు.

పాట అదిరిపోయింది. కంపెనీ ఆయన రికార్డు చేసిన టేపును అక్కడే వెనక్కి తిప్పి విన్నాడు.

"పాట్టు బాగుండాదప్పా. మొదట్లో బలరామయ్య గొంతే పెట్టినారే, యాడ దొరికింది?"

"ఏ గొంతు సార్?"

ఆయన మళ్లీ వేశాడు.

గిటారు మొదలవకముందే, చెవి పక్కన ఎవరో వంగి అడిగినట్టు, "అందరూ అన్నం తిన్నారా?"

"మేం పెట్టలేదు సార్," అన్నాడు కార్తి.

"ఆ రేడియోలో బ్యాటరీలు కూడా లేవు," అన్నాడు ధనశేఖర్ నెమ్మదిగా.

అప్పుడే ఒకావిడ రొప్పుతూ లోపలికి వచ్చింది.

"నాయనా, అణైకట్ నుంచి వస్తా ఉండాను. మా ఇంటాయన ఈడికి వచ్చినాడా? మెడకు తువ్వాలు కట్టుకోనుంటాడు."

కార్తి పరుగెత్తి గొళ్లెం తీశాడు.

ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"తప్పయిపోయిందమ్మా. ఒక్క మాట చెప్పుంటే..." కార్తికి ఏడుపొచ్చింది.

ఆవిడ పక్కన కూలబడి భర్త మెడ మీది తువ్వాలు తీసింది. గొంతు ఉండాల్సిన చోట కుట్ల మచ్చలూ, చిన్న గుంటా ఉన్నాయి.

"ఎట్ల చెప్తాడప్పా? పుండు లేచిందని ఆపరేషన్ చేసి గొంతు తీసేసినారు," అందావిడ. "బతికుండగానే బలరామయ్యకు దీపం పెట్టేసినారే, పొయ్యి నేనుండానని చూపించి వస్తానని సైగ చేసి వచ్చినాడు."