ఐదో మెట్టు

తెల్లవారినప్పటి నుంచి ఆకాశం మూతి ముడుచుకుని ఉంది. కురవదు, విడవదు.

"గిటారు ఇవ్వను," అంది కోడలు.

మరమ్మతు బల్లకు అటువైపు నిలబడ్డ మనిషి పేరు మోసిన బేస్ గిటారు వాద్యకారుడు. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తాడని తోటివాళ్ళు ఆయనకు బంగారుచెవి అని పేరు పెట్టారు. గిటారు ఆయనదే. దాని తల బరువుకు తన భుజం లాగేస్తోందని, తీగలు బిగించే పాత ఇనప బిరడాలు తీసేసి తేలికవి పెట్టమని ఇచ్చాడు. ఆ పని నిన్ననే అయిపోయింది. సాయంత్రం ఆయనకు కచేరీ.

"నా గిటారు నాకివ్వనంటావేంటమ్మా?"

"మా అత్త ఇంకా సరేననలేదండీ."

"నేను సరేనంటున్నాగా. ఇదిగో." జేబులోంచి శ్రుతి చూసే మీటరు తీసి గిటారు తలకు తగిలించాడు. నాలుగు తీగలూ వరసగా మీటాడు. నాలుగుసార్లూ పచ్చదీపం వెలిగింది. "చాలా?"

"దానికి చాలు. ఆమెకు చాలదు."

కోడలు గిటారు తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పెట్టింది. అత్త గోడవార ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. గిటారు పై కొమ్మును దవడ ఎముకకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో తీగనూ గిటారు మెడ మీది ఒక్కో మెట్టు దగ్గర నొక్కి మీటడం మొదలుపెట్టింది. ఒకసారి మీటడం, ఆగడం. తరువాతి మెట్టుకు పోవడానికి తొందరేమీ లేదు.

"స్పీకరు తగిలించకుండా ఏం తెలుస్తుందావిడకి?"

"ఆమెకు అక్కర్లేదు లెండి."

బంగారుచెవి గడియారం చూసుకున్నాడు. "ఇదిగో పెద్దమ్మా, మా బృందంలో పదహారు వాయిద్యాలున్నాయి. అన్నీ నీ గుమ్మంలోకే వస్తున్నాయి. రేపటి నుంచి ఎదురు షాపుకి పోతాయి. తరవాత చెప్పలేదనొద్దు."

అత్త ఉలకలేదు, పలకలేదు.

"ఇంత పొగరేంటమ్మా ఆవిడకి?"

"పొగరు కాదండీ. పనిలో ఉంది."

"అత్తాకోడళ్ళు ఒక్క మాట మీద ఉండడం నా జన్మలో ఇక్కడే చూశాను."

"మాకు మాటా మాటా పెరిగే వీల్లేదు లెండి."

అత్త సన్నతీగను ఐదో మెట్టు దగ్గర మీటింది. మళ్ళీ మీటింది. మూడోసారి మీటి, కళ్ళు తెరిచి, చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క తీసి ఆ మెట్టు పక్కన గీత గీసింది.

"ఏంటది?"

"అక్కడ స్వరం చచ్చిపోతోంది," అంది కోడలు.

"శ్రుతి బాగానే ఉందిగా."

"శ్రుతి బాగానే ఉందండీ. ఆయుష్షే లేదు."

బంగారుచెవి గిటారు లాక్కుని స్పీకరుకు తగిలించాడు. నాలుగో మెట్టు మీద మీటితే స్వరం నిలబడి, మెల్లగా సన్నగిల్లింది. ఆరో మెట్టు మీదా అంతే. ఐదో మెట్టు మీద మాత్రం బావిలో రాయి పడ్డట్టు ఒక్క దెబ్బ మోగి ఊరుకుంది. మూడుసార్లు మీటి చూశాడు. మూడుసార్లూ రాయే పడింది. సాయంత్రం మొదటి పాట మొదలయ్యేది ఆ మెట్టు మీదే. నాలుగు దరువుల పాటు ఆ ఒక్క స్వరమే నిలబడాలి.

"ఇది ముందు లేదు," అన్నాడు.

"ప్రతి గిటారుకీ ఎక్కడో ఒకచోట ఉంటుందండీ. మీరు తల బరువు తగ్గించారు, అది అక్కడికి జరిగింది. కాస్త బరువు మళ్ళీ పెట్టి, మీకు పనికిరాని చోటికి తోలెయ్యాలి."

"మళ్ళీ బరువా? నా భుజం సంగతేంటి?"

"భుజానికి మందు దొరుకుతుంది. చచ్చిన స్వరానికి దొరకదు."

ఆయన గిటారు సంచీలో పెట్టబోయాడు. "ఈ పూటకి ఇలాగే లాగిస్తాను. జనానికి ఏం తెలుస్తుంది?"

కోడలు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మాకు తెలిసింది కదండీ. తెలిసి తెలిసి ఈ గడప దాటనివ్వం. మీ పదహారూ ఎదురు షాపుకి తోలుకుపోండి, మేం ఏడవం. ఇది మాత్రం బాగయ్యాకే బయటికెళ్తుంది."

బంగారుచెవి ఆమెను చూశాడు. అత్తను చూశాడు. అత్త అప్పటికే చెయ్యి చాచి ఉంది. గిటారు ఆమె చేతికిచ్చి, చెక్కపెట్టె మీద కూర్చున్నాడు.

కోడలు గిటారు తల వెనక ఇత్తడి బిళ్ళ ఒకటి బిగించింది. అత్త మీటి, తల అడ్డంగా ఊపింది. కోడలు బిళ్ళ కిందికి జరిపింది. ఊహూఁ. ఇంకో చిన్న బిళ్ళ తెచ్చింది. ఇంకాస్త పక్కకు జరిపింది. ఐదోసారికో ఆరోసారికో అత్త బొటనవేలితో సుద్దగీత తుడిచేసింది.

ఈసారి బంగారుచెవి మీటితే స్వరం లేచి నిలబడింది. వీధిలో బండి ఒకటి వచ్చి, పోయి, దాని చప్పుడు అణిగిపోయినా ఇంకా నిలబడే ఉంది.

"పొద్దెక్కింది. అన్నం తిని వెళ్ళండి," అంది కోడలు.

బల్ల మీది పనిముట్లు పక్కకు నెట్టి మూడు కంచాలు పెట్టింది. బంగారుచెవి ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"పెద్దమ్మగారూ, ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్నాను. నాకు దొరకనిది మీకు దొరికింది. ఇందాక నోరు జారాను. తప్పయింది."

అత్త తలెత్తకుండా అన్నం తింటోంది. ఆయన కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కంచాలు ఖాళీ అవుతుండగా ఆయన గొంతు తగ్గించి కోడలిని అడిగాడు.

"నేనన్న మాటలు ఆవిడ మనసులో పెట్టుకున్నారేమో కదమ్మా?"

"మనసు దాకా పోతే కదండీ," అంది కోడలు, ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తూ. "మా అత్తకు పుట్టుచెవుడు."