పదిహేడో నంబరు సీసా

“ఈ వాత ఎవరు పెట్టారు?”

డాక్టర్ శివకుమార్ గొంతు వార్డు చివరిదాకా వినబడింది. మంచం మీద ఆరేళ్ళ రత్నాలు తొమ్మిది రోజుల జ్వరంతో మూలుగుతోంది. చంకలో, చుట్టతో కాల్చినట్టు, నల్లటి పెచ్చు.

“నానేటీ పెట్టనేదు బాబూ. ఏసుబాబు మీద ఒట్టు,” అంది పిల్ల నాయనమ్మ సవరమ్మ.

“అబద్ధాలు చెప్పకు. జ్వరం వస్తే చువ్వ కాల్చి పెట్టడం మీకు అలవాటే కదా! పోలీసులకి చెప్పాల్సి వస్తుంది.”

సవరమ్మ మొహం నల్లబడింది. మరుక్షణం మనవరాలిని దుప్పట్లో చుట్టి భుజానికెత్తుకుంది.

“నా గుంటని నానే కాల్సుకుంటానా? ఇంత మాట పడి ఇక్కడుండను. మా ఊరెలిపోతాం.”

రక్తం తియ్యడానికి వచ్చిన సుజానా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ కొండ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఆమెకి నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. అలాంటిది పిల్ల చెయ్యి పైకెత్తి, ఆ పెచ్చు మీద వేలుపెట్టి మెల్లగా నొక్కింది. పిల్ల ఉలకలేదు.

“వాతయితే కెవ్వుమనాలి కదా సార్. అయినా వాతలు పొట్ట మీద పెడతారు, చంకలో ఎవరూ పెట్టరు. ఇది గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టిన మచ్చ. స్క్రబ్ టైఫస్ అనుకుంటాను.”

శివకుమార్ విశాఖపట్నం నుంచి వచ్చి ఇంకా నెల కాలేదు. వంగి మచ్చని మళ్ళీ చూశాడు. ఈసారి గొంతు తగ్గింది. “అయ్యుండొచ్చు. మందు వెంటనే మొదలుపెడదాం.”

“మీ మందు మాకొద్దు,” అంది సవరమ్మ. “కాల్సింది నానన్నావు కదా. కాదని తేలనీ, అప్పుడే మింగిత్తాను.”

సుజానా ఆమె చెయ్యి పట్టుకుంది. “మూడు గంటలు ఉండు మామ్మా. నీ తప్పు లేదని నీ కళ్ళకే చూపిస్తాను.”

“సూపించకపోతే?”

“నేనే జీపెక్కించి పంపుతాను.”

ల్యాబ్‌లో ఇంకో చిక్కు కాచుకుని ఉంది. ఆ పరీక్షకి జబ్బు క్రిములు అద్దిన గాజు పలక ఉంటుంది. దాని మీద గుండ్రటి గడుల్లో, రక్తంలోంచి తీసిన సీరం వేస్తారు. ఆపైన మెరిసే మందు వేసి కడిగి చూస్తే, జబ్బు ఉన్నవాళ్ళ గడి చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతుంది. కానీ మొదటి గడిలో, ఆ జబ్బేనని ఇదివరకే తేలిన మనిషి సీరం ఉండాలి. అది వెలిగితేనే మిగతా గడుల్ని నమ్ముతారు. ఆ సీరం కొత్తది తెస్తున్న వ్యాను, అనంతగిరి ఘాట్‌లో బండరాళ్ళు పడి ఆగిపోయింది.

“మీ పాత సీసా ఉందిగా,” అన్నాడు శివకుమార్. “పన్నెండేళ్ళ నాటిది, పారెయ్యండి అంటే విన్నారు కాదు. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తేది దాని కోసమేగా! ఇంట్లో మనుషుల్ని కూడా అంత భద్రంగా చూసుకోరు.”

సుజానా నవ్వలేదు. ఫ్రీజర్లోంచి పదిహేడో నంబరు సీసా తీసింది. అడుగున ఒక్క చుక్క ఉంది.

“ఇది వాడితే ఇంక లేదు సార్.”

“లేకపోతే ఏం? ఎల్లుండికి కొత్తది వస్తుంది.”

సుజానా సీసా చుట్టూ గుప్పిట మూసి, చుక్క కరిగేదాకా అలాగే నిలబడింది. తరవాత మొదటి గడిలో ఆ చుక్క, రెండో గడిలో రత్నాలుది, మూడో గడిలో జబ్బు లేనివాళ్ళకి గుర్తుగా ఎప్పటిలాగే తన సీరం వేసింది.

పలకని వెచ్చటి పెట్టెలో పెట్టి కూర్చుంది. కిటికీ అవతల కొండవాలు మీద చీపురుగడ్డి వాన తడికి బరువెక్కి ఊగుతోంది. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని ఆ గడ్డిలోనే తిరిగేది. పొద్దు వాలాక అమ్మ మిణుగురుని పట్టి గుప్పిట మూసేది. “సూడే గుంటా, బేగి సూడు!” వేళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చటి వెలుగు. అంతలోనే గుప్పిట విప్పేసేది. ఎందుకొదిలావని సుజానా కాళ్ళు నేలకేసి కొట్టి ఏడిస్తే, “ఉంచుకుంటే ఆరిపోద్దే. ఒగ్గీసినామనుకో, ఎక్కడో ఒకకాడ ఎలుగుతాది” అనేది.

గంట మోగింది. సుజానా కళ్ళు తుడుచుకుని లేచి, మెరిసే మందు వేసింది.

చీకటి గదిలో ముందు శివకుమార్ మైక్రోస్కోపులోంచి చూశాడు. మొదటి గడి ఆకుపచ్చగా వెలుగుతోంది. పలకని పక్కకి జరిపాడు. రత్నాలు గడి కూడా అంతే. మూడోది చీకటి. అతను లేచి, సవరమ్మని పిలిచి తన చోట కూర్చోబెట్టి, రెండోది రత్నాలుదని చెప్పి వరసగా చూపించాడు.

“అమ్మో! మిణుగుర్లే!” అంది సవరమ్మ.

“నువ్వు వాత పెట్టలేదమ్మా. తప్పు నాది.”

“ఆ ముక్క పోలీసోలకి కూడా సెప్పు బాబూ.” అని, మొట్టమొదటిసారి నవ్వింది. “మందు బేగి తే.”

శివకుమార్ మందుకి పరిగెత్తాడు. అతని వెనకే వెళ్తున్న సవరమ్మ తలుపు దగ్గర ఆగింది.

“రెండోది మా గుంటది. మరి ఆ మొదటిది ఎవులిది తల్లీ?”

సుజానా ఖాళీ సీసాని కోటు జేబులో వేసుకుంది.

“మా అమ్మది మామ్మా. మచ్చ చంకలోనే. మా అమ్మమ్మే వాత పెట్టి చంపేసిందన్నారు.”