ముప్పై నొక్కులు

కోడలు షెడ్డులోకి వచ్చేసరికి పెద్దాయన గుడ్డపేలికతో చేతులు తుడుచుకుంటున్నాడు. బల్ల మీద పానాలు, క్లాంపు, ఊడదీసిన చక్రాల బోల్టులు. నడిమధ్య కొడుకు కారు.

దాన్నింకా కారు అనడం మన మొహమాటమే. కొండవాలు చివర మలుపులో గోడ దాటి, బోల్తా కొట్టి లోయలో పడిన బండి. పైకప్పు నుజ్జునుజ్జయి సీట్లకు అంటుకుపోయింది. చక్రాలు మాత్రం చెక్కుచెదరలేదు. పోలీసులు చూడాల్సింది చూసి, అతివేగమని రాసుకుని, లారీ మీద ఇంటికి పంపేశారు. ఇదంతా జరిగి మూడు వారాలు.

"ఎందుకు రమ్మన్నారు మావయ్యా? దీన్ని నేను చూడలేను."

"ఒక్క నిమిషం తల్లీ. నీకొకటి చెప్పాలి."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. మనిషి సగమైపోయింది. తిండి లేదు, నిద్ర లేదు. నాలుగేళ్ళ పాప జడ వెయ్యమని దువ్వెన పట్టుకుని వస్తే, ఎవరి పిల్లో అన్నట్టు చూస్తోంది. నిన్న సాయంత్రమైతే ఉన్నట్టుండి, "పాపని మీరు చూసుకుంటారు కదూ?" అని అడిగింది. పెద్దాయనకి నువ్వెక్కడికి పోతున్నావమ్మా అని అడిగే ధైర్యం లేకపోయింది.

ఆమెను తొలిచేస్తున్నదేమిటో ఆయనకు తెలుసు. కొడుకు పోయిన ఆ ఆదివారం పొద్దున మొగుడికీ పెళ్ళానికీ గొడవైంది. బండి మీదున్న ధ్యాస ఇంటి మీద లేదని మొదలై, మాటా మాటా పెరిగి, "మీరు లేకపోతేనే నేనూ పాపా సుఖంగా ఉంటాం" అనేసింది. అతను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. గేటు దాటితే కిందిదాకా ఒకటే వాలు. ఆ వాలంతా వెతికినా రోడ్డు మీద బ్రేకు వేసిన గీత ఒక్కటీ లేదన్నారు పోలీసులు.

"నా మాటకే ఆయన బ్రేకు తొక్కలేదు." రోజుకు పదిసార్లు ఇదే మాట. అన్నం కంచం ముందు ఇదే, పాప పక్కన పడుకున్నా ఇదే.

"ముందురోజు దీనికి కొత్త బ్రేకు ప్యాడ్లు వేశాం, గుర్తుందా?" అన్నాడు పెద్దాయన.

గుర్తులేకేం! తండ్రీకొడుకులిద్దరూ పొద్దుటి నుంచీ ఈ షెడ్డులోనే పడి ఉన్నారు. స్టార్ట్ చేస్తే వీధి చివరికి వినపడే స్పోర్ట్స్ కారు. ప్యాడ్లు మార్చడానికి షోరూం వాళ్ళు వారం ఆగమంటే, "మా నాన్నుండగా షోరూమెందుకు?" అన్నాడు కొడుకు. నిజమే మరి. వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు బ్రేకులే చూసిన మనిషి. అక్కడ ఆయన పేరు ముప్పైనొక్కుల మేస్త్రీ. ప్యాడ్లు మార్చిన బండి ఎవరిదైనా సరే, పెడల్ ముప్పైసార్లు నొక్కందే గేటు దాటనిచ్చేవాడు కాదు. కుర్చీలో కూర్చున్నా ఆయన కుడికాలు ఆడుతూనే ఉంటుందని తోటి పనివాళ్ళు వేళాకోళం చేసేవారు.

"ఇటు చూడమ్మా." ఆయన చక్రం ఊడదీసిన చోట వేలు పెట్టి చూపించాడు. "ఇవీ ప్యాడ్లు. తిరిగే ఈ పళ్ళేన్ని రెండు వైపులా పట్టుకుని ఆపుతాయి. అరిగిన పాతవి పల్చన, కొత్తవి మందం. అవి పట్టాలంటే వెనకున్న ఈ పిస్టన్ని క్లాంపుతో లోపలికి నెట్టాలి. పనయ్యాక పెడల్ నొక్కి నొక్కి దాన్ని మళ్ళీ బయటికి రప్పించాలి. అది మర్చిపోయామా, మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ నేలదాకా పోతుంది. బండి ఆగదు."

ఆమె తలెత్తింది.

"పెడల్ మీద చెయ్యి పెట్టి నొక్కి చూడు."

"నా వల్ల కాదు."

"నొక్కమ్మా."

నలిగిన తలుపు సందులోంచి వంగి, మొగుడి పాదం ఉండాల్సిన చోటికి ఆమె చెయ్యి చాపింది. నొక్కింది. వెన్నముద్దలో వేలు దిగినట్టు పెడల్ నేలదాకా దిగిపోయింది.

"పని చివర్లో ఫోనొచ్చింది," అన్నాడు పెద్దాయన, నేలచూపులు చూస్తూ. "లోపలికెళ్ళాను. వచ్చి నొక్కుదాంలే అనుకున్నాను. మర్చిపోయాను."

"అంటే... ఆయన తొక్కారా?"

"తొక్కే ఉంటాడు తల్లీ. బండే ఆగలేదు."

"తొక్కారు," అని తనలో తనే అనుకుంది. అలాగే నేల మీద కూలబడి ఏడ్చింది. ఇన్ని రోజుల్లో కంట నీరు రావడం అదే మొదలు. తర్వాత కళ్ళు తుడుచుకుని మావగారి వైపు తిరిగింది.

"మూడు వారాలు! నా మాటే చంపిందని నేను కుళ్ళి కుళ్ళి చస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నారా? కన్నకొడుకుని పొట్టన పెట్టుకున్నది చాలక నన్నూ చావమన్నారా? మీరసలు మనిషేనా?"

పెద్దాయన గుడ్డపేలిక తీసుకుని మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు.

"ఇంక ఈ జన్మలో నాకూ నా కూతురికీ మీ మొహం చూపించకండి!"

అరగంటలో పెట్టె సర్దుకుని అక్కగారింటికి బయల్దేరింది. పాపకి రెండు జడలు వేసి ఉన్నాయి. పాపిడి వంకరగా ఉంది గాని, జడలు గట్టిగానే ఉన్నాయి. పెద్దాయన అదొక్కటే చూశాడు. టాక్సీ కిటికీలోంచి "తాతా!" అని పాప చెయ్యూపింది. తల్లి ఆ చెయ్యి లోపలికి లాగేసింది.

టాక్సీ వాలు దిగి కనుమరుగైంది. ఇల్లు బావురుమంది. ఆయన చాలాసేపు గేటు పట్టుకుని నిలబడిపోయాడు. చెయ్యడానికి పనేమీ లేక మళ్ళీ షెడ్డులోకే వచ్చి పానాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దాడు.

చివరగా బల్ల మీది క్లాంపు చేతిలోకి తీసుకున్నాడు. కోడల్ని పిలిచే ముందు తను నొక్కి చూసినప్పుడు పెడల్ కిందికి దిగకుండా బండరాయిలా నిలబడితే, పిస్టన్లను లోపలికి నెట్టేసింది దీంతోనే.