బ్లేడు పట్టేంత సందు

"ఇంకా తెరుసుకోలేదా గా డబ్బా?" అంటూ గంగమణి వాకిట్లోకి తొంగి చూసింది.

వెంకటేశం బండి పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. పానాలన్నీ బండి పక్క డబ్బాలో ఉన్నాయి. తాళంచెవి ఎటు తిప్పినా డబ్బా మాత్రం కదలడం లేదు.

"వానకు జంగు పట్టింది. పక్కింట్ల అడిగి పానాలు తే."

"గదే చెవితోని బండి స్టార్టయితది, డబ్బా తెరుసుకోదా?"

"అరిగిన చెవి. దానిష్టం."

గంగమణి మూతి తిప్పుకుంటూ పక్కింటికి పోయింది.

పొద్దుగూకేలోపు ఇంజను టకటక ఆగకపోతే బండి పోతుంది. పాత బండ్లు కొనే మద్నూర్ భీంరావుకు గంగమణి అప్పుడే ఫోన్ చేసింది, సాయంత్రం వచ్చి తోలుకుపొమ్మని. ఆమెకు స్కూటీ కావాలి. వెంకటేశానికేమో ఈ బండంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ బిచ్కుంద సంతకు పోయింది దీని మీదే. బిడ్డ పుడితే దవాఖాన నుంచి ముగ్గురై ఇంటికి వచ్చిందీ దీని మీదే.

"ఇంజన్ల వాల్వులను నొక్కే టాపెట్లు వదులైనయ్, గంతే. సెట్ చేస్తే కుట్టుమిషన్ లెక్క నడుస్తది" అని రాత్రి పందెం కట్టాడు.

అందుకే పొద్దున్నే బండి మీద బస్టాండు దగ్గరి సామాన్ల దుకాణానికి పోయి టాపెట్ మూతలకు కొత్త వాషర్లు తెచ్చాడు. సంత రోజు. దుకాణం ముందు మనుషులూ బండ్లూ ఇరుక్కుని ఉంటే సందు చేసుకుని బయటపడేసరికి చెమటలు పట్టాయి. ఇంటికి వచ్చాక మధ్యాహ్నం దాకా ఇంజనును ముట్టుకోలేదు. వేడి మీద టాపెట్లు ముడితే కొలత తప్పుతుంది.

గంగమణి పానాలు తెచ్చి ముందర పడేసింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"బండా, బర్రెనా ఇది? కాలువ కట్ట బురదంత పూసుకొచ్చినవ్, నంబరు సుత కనవడ్తలేదు. ముందర కట్టిన నిమ్మకాయ ఏది?"

"సంతల రాలిపోయినట్టుంది."

"దిష్టి నిమ్మకాయ రాలిందంటే బండి పోయే కాలమొచ్చినట్టే."

"నీ నోట్ల మన్ను వడ! పో, చాయ్ పెట్టు."

రెండు మూతలూ ఊడదీశాడు. లోపల టాపెట్లు నూనెలో మెరుస్తున్నాయి. వేలితో కదిపితే టిక్కు టిక్కుమన్నాయి. సందు ఉంటేనే కదా చప్పుడు, అసలు సందే లేకుండా చేస్తే పీడ పోతుందనుకున్నాడు. రెండింటినీ గట్టిగా బిగించి, మూతలు పెట్టి కిక్కు కొట్టాడు. కిక్కు ఉత్తుత్తిగా కిందికి దిగిపోయింది. ఇంకోటి కొట్టాడు. బండి కిక్కురుమనలేదు.

గంగమణి గడపలో కూర్చుని పడీ పడీ నవ్వింది.

"టకటక మాత్రం పోయింది పో! కుట్టుమిషన్ సుత ఇంత నిమ్మళంగ ఉండదు."

వెంకటేశం తల గోక్కున్నాడు. అప్పుడు తట్టింది. సందు బొత్తిగా లేకపోతే వాల్వులు మూసుకోవు. మూసుకోకపోతే ఇంజనుకు దమ్ము నిలవదు. రవ్వంత సందు ఉండాల్సిందే.

"నా గడ్డం బ్లేడు తే."

"ఎందుకు? సన్యాసంల కలుస్తవా?"

"తేవే!"

బిగించింది మళ్లీ వదులు చేశాడు. టాపెట్ కింద బ్లేడు దూరాలి, దూరినాక ఊగకూడదు. అదీ లెక్క. కానీ ఒక చేత్తో స్క్రూ పట్టుకుని ఇంకో చేత్తో నట్టు బిగిస్తుంటే బ్లేడు జారిపోతోంది. రెండుసార్లు పడిపోయింది. మూడోసారి గంగమణే వచ్చి చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చుంది.

"నేను వట్టుకుంట తియ్యి. ఎంత సందు?"

"బ్లేడు పట్టేంత. ఎక్కువైతే లొల్లి, తక్కువైతే బండి సావు."

"మొగుడు పెండ్లాల లెక్కనే ఉంది."

వెంకటేశం నవ్వాపుకోలేకపోయాడు. పానా జారి వేలికి తగిలింది. అయినా నవ్వాడు.

మూతలు బిగించి, దండం పెట్టుకుని కిక్కు కొట్టాడు. ఎప్పుడూ నాలుగైదు కిక్కులు తినే బండి ఒక్క కిక్కుకే అందుకుంది. టకటక లేదు. వాకిలంతా మెత్తటి గురగుర. తాగిన పాలు అరగక ముందే నిద్రపోయిన పిల్లిలా.

సరిగ్గా అప్పుడే భీంరావు ఆటో దిగాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"వెంకటేశం దాదా, ఎవలు చేసిండ్రు దీన్ని?"

"మేమిద్దరమే."

"వైనీ," అంటూ భీంరావు గంగమణి వైపు తిరిగాడు, "కోపం చెయ్యకు. ఇసొంటి బండిని అమ్మద్దు. నేను కొన."

గంగమణి బండి వైపు చూసింది, నూనె మరకలైన తన చేతుల వైపు చూసింది.

"సరే, ఉంచుకో పో. స్కూటీ సంగతి తర్వాత చూద్దాం" అని ముగ్గురికీ చాయ్ పోసింది. వెంకటేశానికి ఆ చాయ్ అమృతంలా ఉంది.

ఇంతలో వాడ మలుపు నుంచి టకటకమంటూ ఓ చప్పుడు మొదలైంది.

"ఇన్నవా భీంరావ్? ఎవలో పాపం, టాపెట్లు పట్టించుకోనోడు."

చప్పుడు వచ్చి వచ్చి వాళ్ల గేటు ముందే ఆగింది. చెమటతో తడిసిపోయిన పడుచువాడొకడు బండి దిగాడు.

"వెంకటేశమన్న ఇల్లు ఇదేనా? సామాన్ల దుకాణంల చెప్పిండ్రు."

అప్పుడే పేరు పాకిపోయిందా అని వెంకటేశం ఛాతీ విరిచాడు.

"ఇదే తమ్మీ. ఫికర్ చెయ్యకు, రాత్రంత చల్లారనియ్యి, రేపు పొద్దుగాల చేసిస్త. బండిని గిట్ల గాలికి ఇడిసిపెడతారా ఎవలన్న? ఇంట్ల మనిషి లెక్క చూసుకోవాలె!"

పడుచువాడు వాకిట్లో బండిని చూశాడు, ముందర నిమ్మకాయ వేలాడుతున్న, తను దిగిన బండిని చూశాడు.

"ఇది నీ బండే అన్నా, గది నాది."