తొమ్మిదో ఫ్యాను

ఆయన వచ్చాడంటే చాలు, చిట్టెమ్మకి ఒళ్లు మండేది.

మండదా మరి? రాజోలు దగ్గర జీడిపప్పు షెడ్డు అది. పైన రేకులు, పక్కన గింజలు ఉడికించే బాయిలరు, మధ్యలో డెబ్బై మంది ఆడవాళ్లు. అసలే వేసవి. అందులో కూర్చుని పప్పు పొట్టు తీస్తుంటే, సరిగ్గా మిట్టమధ్యాహ్నం నెత్తిన తుప్పు రాలితే ఎవరికి మాత్రం మండదు?

కప్పు మీద పన్నెండు ఫ్యాన్లున్నాయి. కరెంటుతో పని లేనివి. గాలికి, గాలి లేకపోతే లోపలి వేడికి వాటంతటవే తిరిగి షెడ్డులోని ఆవిరిని బయటికి లాగేస్తాయి. ఆయన నెలకోసారి నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఒక్కొక్కదాన్ని తాడుతో కట్టి ఆపి, గ్రీజు పెట్టేవాడు. ఆ కదలికకి తుప్పు రాలి తెల్లటి పప్పులో పడేది. తుప్పు పడ్డ బుట్టని మేస్త్రి సెకండ్సులోకి, అంటే కూలి తక్కువ వచ్చే రెండో రకంలోకి తోసేసేవాడు. పొద్దుటి నుంచి గోళ్లు అరగదీసుకున్నదంతా గోదాట్లో కలిసినట్టే.

పోనీ, పొద్దున్నే రమ్మంటే వచ్చేవాడా? రాడు. సముద్రపు గాలి తిరగకముందు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే ఎక్కాలట. గాలి ఉంటే చెడిపోయిన ఫ్యాను కూడా తిరిగేస్తుందట. గాలి లేనప్పుడు, ఒట్టి వేడికి ఏది తిరగదో అదే జబ్బుదట.

పైగా కబుర్లాపమనేవాడు.

"కాసేపు మాట్లాడకండమ్మా. దాని చప్పుడు వినాలి."

డెబ్బై మంది ఆడవాళ్లని నోరు మూసుకోమనడానికి ఓనరుకే ధైర్యం చాలలేదు. మధ్యలో ఈయనెవరు చెప్పడానికి? ఓనరు మనిషే అయ్యుంటాడని అందరూ అనుకున్నారు. చిట్టెమ్మ ఇంకో అడుగు ముందుకేసి, పైనుంచి తమని కనిపెట్టి చూసి చాడీలు మోస్తున్నాడని తేల్చేసింది.

ఏప్రిల్లో ఒకరోజు ఆవిడ బుట్టలోనే తుప్పు పడింది. ఒక్కటీ విరగని నిండు పప్పు, బుట్టెడు. మేస్త్రి మారుమాట లేకుండా సెకండ్సులోకి తోసేశాడు.

చిట్టెమ్మ లేచింది. కొంగు బిగించి బయటికెళ్లి, నిచ్చెన తీసి గోడవార పడుకోబెట్టి, వచ్చి కూర్చుంది.

కాసేపటికి పైనుంచి పిలుపు వినిపించింది.

"అమ్మా, నిచ్చెన."

మళ్లీ పిలిచాడు. చిట్టెమ్మ తలెత్తకుండా, అందరికీ వినపడేలా అంది.

"మాట్లాడొద్దన్నారు కదండీ."

షెడ్డంతా నవ్వింది. రేకులు జారతాయని చెప్పులు కిందే విడిచి, తడి గోనెపట్టా మీద నిలబడి పని చేసుకునేవాడు పాపం. ఆ పట్టా ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. గంట పైనే ఉంచారు ఆయన్ని అక్కడ.

చివరికి మేస్త్రి చూసి నిచ్చెన వేస్తే దిగాడు. తిడతాడేమోనని చిట్టెమ్మ సిద్ధంగా ఉంది. ఆయన గోడ పట్టుకుని, కుంటుకుంటూ ఆవిడ దగ్గరికే వచ్చాడు.

"తొమ్మిదో ఫ్యానుకి బేరింగు పోయిందమ్మా. వచ్చేసారి తెచ్చి వేస్తాను."

వచ్చేసారి రాలేదు.

మే నెలలో తొమ్మిదో ఫ్యాను బిగుసుకుపోయింది. తర్వాత దాని పక్కవి రెండు ఆగిపోయాయి. ఆవిరి లోపలే కమ్మేసింది. వారంలో ముగ్గురు కళ్లు తిరిగి పడిపోయారు. వాళ్లలో చిట్టెమ్మ కూతురు దుర్గాశ్రీ ఒకతి. ఆ పిల్లకి ఐదో నెల.

చిట్టెమ్మ తిన్నగా ఓనరు దొరబాబు గదిలోకెళ్లి నిలదీసింది. ఫ్యాన్ల మనిషిని ఎందుకు మానిపించారు, మేం మనుషులం కామా అని అడిగింది. దొరబాబు తెల్లబోయాడు.

"నేను పెట్టుకుంటే కదమ్మా మానిపించడానికి. బిగించిన కంపెనీవాళ్లు పంపిస్తున్నారనుకున్నాను."

కంపెనీకి ఫోను చేస్తే, తాము ఏనాడూ ఎవరినీ పంపలేదన్నారు. ఆరేళ్లు! ఆరేళ్లు ఒక మనిషి నెలనెలా కప్పెక్కి దిగుతుంటే, ఎవరివయ్యా నువ్వు, నీ పేరేంటి అని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ.

చిట్టెమ్మ కోపం మాత్రం చల్లారలేదు. ఎవరి మనిషైతేనేం, నిండు వేసవిలో ఇలా గాలికొదిలేసి పోతాడా? తాటిపాక నుంచి వచ్చేవాడని మేస్త్రి చెబితే, అక్కడ ఆటోవాళ్లకి ఆనవాళ్లు చెప్పి ఇల్లు పట్టుకుంది. అడగాల్సినవన్నీ దారి పొడుగునా కూడబలుక్కుంటూనే వెళ్లింది.

తలుపు తీసింది ఆయన కూతురు హేమశ్రీ. నాన్న పోయి పద్నాలుగు రోజులైందని చెప్పింది. షుగరు మనిషట. అరికాళ్లు బొబ్బలెక్కి, మానక, పుండ్లై, విషం పైకి పాకిందట.

"రేకుల మీద చాలాసేపు ఉండిపోయారంటండి. నిచ్చెన గాలికి పడిపోయిందని చెప్పారు."

ఆ మధ్యాహ్నం ఆకు కూడా కదలలేదు. ఆ సంగతి చిట్టెమ్మకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. మోసుకొచ్చిన కోపమంతా తన మీదే తిరగబడింది. నా చేతులు పడిపోను, అని తిట్టుకుంది.

హేమశ్రీ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆయన ఏ కంపెనీలో చేసేవారమ్మా అని ఎలాగో అడిగింది చిట్టెమ్మ.

"కంపెనీ ఏంటండీ, నాన్నకి సైకిళ్లు బాగుచేసే కొట్టు," అంది హేమశ్రీ. "మా అమ్మ పప్పు షెడ్డులో వేడికి పడిపోయి మరి లేవలేదండి, ఆ షెడ్డుకి ఫ్యాన్లే లేవు, అప్పట్నుంచి ఫ్యాన్లున్న షెడ్డు ఎక్కడ కనపడినా, అవి ఆగిపోకుండా చూసుకుని వచ్చేవారు."