పనికొస్తానా?

"మీది అదృష్టమండీ. ఇంత మొదట్లోనే బయటపడటం అందరికీ జరగదు" అంది సిస్టర్.

మెకానిక్ తల ఊపాడు. పక్క కుర్చీలో కూర్చున్న ఆయన భార్య చటుక్కున ముఖం అటు తిప్పుకుంది.

ప్రోస్టేట్ కేన్సర్ అని తేలినవాళ్లను డాక్టరు ఈ గదికే పంపిస్తాడు. ఏ వైద్యం చేయించుకోవాలో తేల్చుకోవలసింది వాళ్లే. అర్థమయ్యేలా చెప్పడం సిస్టర్ పని. రోజుకి పదకొండు మంది వస్తారు. అందుకే ఆమె ఫైల్లో పైనున్న రెండు తాజా రిపోర్టులే చూస్తుంది, పాత కాగితాల జోలికి పోదు. పదహారేళ్ల అనుభవం. ఫైలు కంటే ముఖమే తొందరగా చదివేస్తుంది.

ఈ ముఖానికి యాభై ఆరేళ్లుంటాయి. బస్సు డిపోలో ఇంజన్లు విప్పే చేతులు. ఎంత తోమాడో గానీ, గోళ్ల సందుల్లో నల్లటి గీత పోలేదు.

"మూడు దారులున్నాయి. మొదటిది, ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండటం. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. మీది చిన్నది, నత్తనడక రకం. డాక్టరుగారు మొగ్గేది కూడా దీనికే."

"అంటే అది లోపలే ఉంటుంది."

"ఉంటుంది. కానీ మీ జోలికి రాదు. మీకేం తొందర లేదు."

"నాకు లేదండీ" అన్నాడాయన. "రెండోది చెప్పండి."

"రేడియేషన్. వారానికి ఐదు రోజులు, ఎనిమిది వారాలు. కోత ఉండదు. ఆ తర్వాత..."

"మూడోది?"

"ఆపరేషన్. గ్రంథి మొత్తం తీసేస్తారు. పదిరోజులు గొట్టం ఉంటుంది. అది తీశాక కొన్నాళ్లు మూత్రం కారుతుంది. దగ్గినా, తుమ్మినా..."

"కారే బళ్లు నాకు కొత్తేం కాదండీ." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఆపరేషనే కానివ్వండి. రేపు పెట్టినా సరే."

సిస్టర్ కలం కింద పెట్టింది. కత్తి మాట ఎత్తగానే చెప్పులు వెతుక్కునే మగవాళ్లను చాలామందిని చూసింది. ఎదురు వచ్చి కత్తి అడిగేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"ఇంటికెళ్లి నిదానంగా ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చామమ్మా" అంది భార్య. గొంతు బొంగురుపోయి ఉంది. మోచేత్తో భర్తను పొడిచింది. "అడగండి మరి. అసలుది అడగరేం?"

ఆయన నేల మీద పలకల వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"అది తీసేశాక... నేను పనికొస్తానా?"

సిస్టర్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది. ఈ గదికొచ్చిన మగవాళ్లంతా చివరికి అడిగేది అదే. ఆమెను కాదు, ఆ పలకల్ని అడుగుతారు. తను సిగ్గుపడకుండా, ఎదుటివాళ్లని సిగ్గుపెట్టకుండా జవాబు చెప్పడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

"ఎందుకు పనికిరారు? నిక్షేపంలా పనికొస్తారు. కాస్త ఓపిక పట్టాలంతే. చాలామందికి ఏడాది, రెండేళ్లు పడుతుంది."

"రెండేళ్లా!" ఆయన తలెత్తాడు. "తను అన్నాళ్లు ఆగలేదండీ."

సిస్టర్ ఆ భార్య వంక చూడకుండా ఉండలేకపోయింది. పాపిట పక్కనంతా నెరిసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఈ వయసులో ఇదేం ఆత్రం తల్లీ అనుకుంది. పైగా మొగుడు పరాయి మనిషి ముందు అంత మాటన్నా కిక్కురుమనలేదు! అంతలోనే నాలిక కరుచుకుంది. ఎవరి కాపురం వాళ్లది.

"ఆర్నెల్లలో పనికొచ్చినవాళ్లూ ఉన్నార్లెండి" అంది మెత్తగా. "ఒంట్లో ఇంకే జబ్బూ లేకపోతే."

"బీపీ లేదు, షుగర్ లేదు." భార్య గబగబా అందుకుంది. "సిగరెట్టు కూడా మానేశారు. అన్ని పరీక్షలూ బాగానే వచ్చాయమ్మా. ఇదొక్కటే..."

"అయితే ఇంకేం!"

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఆర్నెల్లేనట. విన్నావా? ఆర్నెల్లు ఎలాగోలా..."

"నెట్టుకొద్దాం" అందామె. పెదవి బిగబట్టింది. ఆగలేదు. రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సిస్టర్ మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. ఆమె తాగలేదు. ఆయన అంగీకార పత్రం లాక్కుని, చదవకుండానే సంతకం పెట్టేశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఈ ఆసుపత్రిలో చాలా గదులు తిరిగామండీ. పనికొస్తానని చెప్పింది మీరొక్కరే."

వాళ్లిద్దరూ వరండాలో దాదాపు పరుగులాంటి నడకతో వెళ్లడం సిస్టర్ తలుపులోంచి చూసింది. ఒక్క మాటతో ఇంత బరువు ఎవరికీ దించలేదు అనుకుని తనలో తనే నవ్వుకుంది.

సంతకం పెట్టిన కాగితాన్ని గుచ్చుదామని ఫైలు ఎత్తేసరికి తాడు ఊడింది. పాత కాగితాలన్నీ బల్ల మీద పరుచుకున్నాయి.

అన్నిటికన్నా అడుగున ఉన్న మొట్టమొదటి కాగితం మీద, వేరే విభాగం డాక్టరెవరో ఎర్ర సిరాతో అడ్డంగా రాశారు: "కేన్సర్ బయటపడినందువల్ల, కూతురికి కిడ్నీ ఇవ్వడానికి తండ్రి పనికిరాడు."