చేసినవారి ముఖం

ఆ మెయిల్ వచ్చి పన్నెండు రోజులైంది. గడువు ఇంకా మూడు రోజులే ఉంది. ఓక్‌హీ ఏమీ తేల్చుకోలేదు.

ఆన్‌లైన్ అంగడివాళ్ళు పెట్టిన కొత్త నిబంధన అది. యంత్రాలమీద గుద్దిన సరుకుని కొందరు చేతిపని అని చెప్పి అమ్మేస్తున్నారట. అందుకని చేసేవాళ్ళు పనిలో ఉండగా వీడియో తీసి పంపాలి. చేతులు కనపడాలి, ముఖమూ కనపడాలి. లేకపోతే నెలాఖరుకి ఆ దుకాణం పేజీ తీసేస్తారు.

ఓక్‌హీ నడిపే పేజీలో అమ్మేవి చేతి అద్దాలు. అరచేతిలో పట్టేంత గుండ్రటి కొయ్యబిళ్ళ, దాని వెనక నిగనిగలాడే నల్లపూత, పూత మీద ముత్యపు చిప్పని దారాల్లా కోసి అతికించిన కెరటాలు, కొంగలు. దక్షిణ కొరియాలోని ఈ తోంగ్‌యంగ్ రేవులో ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే.

మధ్యాహ్నం రద్దీ తగ్గగానే చెల్లెలు మీరాన్ వచ్చింది. రేవు ఒడ్డున, సముద్రపు నాచులో అన్నం చుట్టి చేసే కింబాప్ కొట్టు ఆమెది. చేతిలో కింబాప్, ముల్లంగి కిమ్చీ పచ్చడి ఉన్న డబ్బా.

“మూసెయ్యక్కా,” అంది చెప్పులు విప్పుతూనే. “రెండేళ్ళుగా చూస్తున్నా నీ అవస్థ. ఇంక చాలు.”

“మూస్తే పేజీ పోతుందే.”

“పోతే పోనీ. అద్దాలు నా కొట్లో పెట్టు. ఓడ దిగినవాళ్ళు ఎగబడి కొంటారు. ఎవడికీ కమిషన్ ఇవ్వక్కర్లేదు, ఎవరిచేతా మాట పడక్కర్లేదు.”

మాట పడటం నిజమే. ఈమధ్య కొన్నవాళ్ళు మొహమాటం లేకుండా రాస్తున్నారు. ‘మునుపటి సన్నదనం లేదు.’ ‘కొంగ కాలు వంకరపోయింది. మీ చేతికేమైంది?’ అందరికీ ఓక్‌హీ ఒకటే జవాబు రాసేది. ‘క్షమించండి, మళ్ళీ చేసి పంపుతాను.’ పంపేది కూడా. ఒక్కో అద్దానికి మూడు నాలుగు చిప్పలు పాడయ్యేవి. ఆ నల్లపూత ఒంటికి పడక మణికట్ల దాకా దద్దుర్లు.

మీరాన్ అక్క చెయ్యి లాక్కుని, దద్దుర్లకి మందు రాయడం మొదలుపెట్టింది.

“నువ్వూ, నీ మొండితనమూ! నా కొట్లో పెట్టమంటే ఏం పోయింది నీకు?”

“నీ కొట్లో అద్దాలొక్కటే ఉంటాయి.”

“అద్దాలు కాక ఇంకేం కావాలే తల్లీ?”

ఓక్‌హీ మందు అంటని చేత్తో ఫోన్ తెరిచి, పేజీని కిందికి, ఇంకా కిందికి జరిపింది. ఆరేళ్ళనాటి అమ్మకాల దగ్గర ఆగింది. ఎవరో కొన్నావిడ రాసింది: ‘అద్దం ఎంత ముద్దొస్తోందో! రోజంతా ముఖం చూసుకుంటూనే ఉన్నాను.’ దాని కింద జవాబు: ‘పొద్దున్న లేచీ లేవగానే మాత్రం చూసుకోకండి. పగిలితే డబ్బు వాపసివ్వను.’

ఓక్‌హీ పకపకా నవ్వింది.

“రోజూ అదే జోకు, రోజూ అదే నవ్వు,” అంది మీరాన్. తను నవ్వలేదు.

అలాంటి జవాబులు ఆ పేజీలో నాలుగు వందల పైనే ఉన్నాయి. ఓక్‌హీకి అన్నీ నోటికొచ్చు. అయినా పొద్దున్నే బార్లీ టీ తాగుతూ ఓ పదైనా చదవనిదే పనిలో కూర్చోదు.

“వాటన్నిటినీ కాగితాల మీద అచ్చు తీయిద్దాం. పుస్తకం కుట్టిస్తాను,” మీరాన్ గొంతు తగ్గించి అంది.

“కాగితాన్ని ఎవరు పలకరిస్తారే? ఇక్కడైతే ఇప్పటికీ పలకరిస్తారు. నిన్న బుసాన్ నుంచి ఒకమ్మాయి, ‘చాలా రోజులైంది, బావున్నారా?’ అని రాసింది.” ఓక్‌హీ ఫోన్ పక్కన పెట్టింది. “బావున్నాననే రాశాను.”

మీరాన్ మందు డబ్బా మూత పెట్టింది. అది సరిగా బిగియలేదు. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది.

“అయితే ఆ అంగడివాళ్ళకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పెయ్యి.”

“నా నోటితోనా? నావల్ల కాదు.”

“పోనీ నన్ను చెప్పమంటావా?”

“వద్దు. ఎవరూ చెప్పద్దు.”

మర్నాడు ఓక్‌హీ ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, తన వీడియో తనే తీసుకుంది. చేతులు మాత్రమే. చిప్ప దారాన్ని జిగురుమీద పరచడం, కత్తి మొనతో తుంచడం, వేలితో నొక్కడం. కెరటం పక్కన కెరటం. ఒక్క ముక్కా విరగలేదు. ఆ పనిలో పడి కిటికీ అవతల వాన మొదలైన సంగతే గమనించలేదు. అయ్యాక చూసుకుంటే తనకే ఆశ్చర్యమేసింది. వెంటనే పంపేసింది.

గడువు ఆఖరి రోజు పొద్దున్న ఫోన్ మోగింది. అంగడి ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి. కొత్తగా చేరినట్టుంది, మాట కాస్త బెరుగ్గా ఉంది.

“వీడియో అందిందండీ. పని ఎంత బావుందో! ముఖమే కనపడలేదు. ఇప్పుడు ఒక్క నిమిషం వీడియో కాల్‌లోకి వస్తే, మా దగ్గరున్న ఫొటోతో సరిచూసుకుని పేజీ అలాగే ఉంచేస్తాం.”

“ముఖం చూపించకపోతే కుదరదా అమ్మా?”

“కుదరదండీ. చేసేది మీరేనని మాకు తెలియాలి కదా. ఏమండీ, ఏదైనా ఇబ్బందా?”

కొట్టు తెరవకుండా వచ్చి కూర్చున్న మీరాన్ లేచి నిలబడింది. ఓక్‌హీ ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది.

“ఈ రెండేళ్ళూ చేసింది నేనేనమ్మా, ఆ ఫొటోలో ఉన్నది మా అమ్మాయి బోరమ్, అది చనిపోయాకే నేనీ పని నేర్చుకున్నాను.”